వనమునకును వాకిలి కావలెను

మన యిండ్లకు వాకిలి యొకటి యుండును. దానికి గోడలు లేవు, పైకప్పు లేదు, అందు సామానులును లేవు. అయినను దానిని ఖాళీస్థలమని యే గృహిణియు ననదు. ఉదయమున కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టునది యక్కడనే. వేసవిలో వడియములును అప్పడములును ఎండబెట్టునది యక్కడనే. పిల్లలు పరుగులిడునదియు, పేరంటమునకు వచ్చిన ముత్తైదువలు చాపలపై కూర్చుండునదియు నక్కడనే. ఆ వాకిట మరియొక గది కట్టించినచో నిల్లు పెద్దదగునని యజమాని తలచవచ్చును గాని, దానివలన నింటిపని యెంత యిరుకున పడునో మనకు తెలియును. అడవికిని అట్టి వాకిలి యొకటి కలదనియు, అది పోయినచో నందు బ్రతుకజాలని ప్రాణులు కలవనియు చెప్పుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందులకు దృష్టాంతముగా చెన్నపురి నడుమనున్న గిండీ జాతీయవనమును గైకొందుము.

చెన్నపురి మన తెలుగు స్త్రీలకు క్రొత్త నగరము కాదు. 1928లో కేసరిగారు గృహలక్ష్మీ పత్రికను స్థాపించినది యా నగరముననే. వైద్యమునకో, పట్టుచీరలకో, బంధుదర్శనమునకో అచ్చటికి పోవని కుటుంబములు మన దక్షిణ జిల్లాలలో నిప్పటికిని అరుదు. అయినను గిండీ ప్రాంతమున వాహనముల హోరు నడుమ ప్రయాణము చేయువారికి, ఆ గోడ కావల నక్కలు కూయుచున్నవనియు, జింకలు మేయుచున్నవనియు తోచనే తోచదు. మహానగరపు పొలిమేరలలోపల నిట్టి జాతీయవనము మన దేశమున మిక్కిలి యరుదైనది. దాని సరసనే బాలల ఉద్యానవనమును, 1972 నుండి అచ్చట నడచుచున్న పాముల వనమును గలవు.

ఈ యడవి మొదటినుండియు నింత చిన్నది కాదు. ఇందు గొంత భాగము గిల్బర్టు రాడరిక్సు అను నాంగ్లేయుని స్వాధీనమునం దుండగా, ప్రభుత్వమువారు 1821లో 35,000 రూపాయలకు దానిని కొనిరి. గవర్నరులు విడిది చేయు భవనము చుట్టు నడవి యటులే నిలిచియుండెను. 1910లో సుమారు 505 హెక్టార్లు, అనగా 1,250 ఎకరముల నేల, రక్షితారణ్యముగా నిర్ణయింపబడినది. అటుపిమ్మట స్వాతంత్ర్యము వచ్చినది, నగరము పెరిగినది, విద్యాలయములకును, మహనీయుల స్మారకములకును స్థలము కావలసివచ్చినది. 1959లో స్థాపింపబడిన ఐ.ఐ.టి.కి ఈ యడవినుండియే స్థల మొసగిరి. 1961 మొదలు 1977 వరకు మరి 172 హెక్టార్ల యడవి వివిధ శాఖల వశమైనది. తుదకు 1978లో మిగిలినదానిని జాతీయవనముగా ప్రకటించునప్పటికి దాని వైశాల్యము సుమారు 270 హెక్టార్లు మాత్రమే.

బడిపంతులుగారి యింట కాపురము చేయుచు విద్యాలయములు కట్టుటను తప్పుపట్టుట మావలన గాదు. చదువు కావలసినదే, మహనీయులను స్మరించుటయు కావలసినదే. మేము చెప్పవచ్చినది వేరు. ఆ నేల నొసగినప్పుడు, అది యెవరి యిల్లో యని యెవ్వరును తలచినట్లు కానరాదు. దట్టమైన చెట్లున్నచోట గొడ్డలి వేయుటకు మనస్సొప్పదు గాని, గడ్డి మొలచిన బయలును జూచినప్పుడు 'ఇది ఖాళీగానే యున్నదిగదా' యను మాట సులభముగా నోటికి వచ్చును. ఆ మాటయే యీ వనమునకు మొదటినుండి కీడు చేయుచున్నది.

ఇక నా యడవి యెట్టిదో చెప్పెదము. మన తూర్పుతీరమున వాన లాశ్వయుజ కార్తీకములలో విస్తారముగా గురిసి, పిమ్మట నెలల తరబడి యెండ గాయును. ఇట్టిచోట చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుచునని తలతుము. కాని యిచ్చటి చెట్లలో పెక్కింటి యాకులు చిన్నవియు, దళసరివియు, తోలువలె బిరుసైనవియు నగుటచే నీటిని పోగొట్టుకొనక యేడాది పొడుగున పచ్చగానే యుండును. ఎండ నేలలో నెప్పుడు నాకు వాడని యడవి యిది. ఇట్టిది మన శ్రీహరికోట యందును గలదు. కోరమండలతీరమున నొకప్పుడు మిక్కుటముగా నుండి, సాగుబడికిని వంటచెరకునకును నరకబడి, నేడు తునకలు తునకలుగా మిగిలినది. గిండీ యందు 350కి మించిన జాతుల మొక్కలు గలవని లెక్కించిరి. వానిలో మన మెరిగినవే యెక్కువ: వేప, వెలగ, మారేడు, అడవినిమ్మ, వాక, మంగ, పరిమి, రేల, మఱ్ఱి. పల్లెటూరి పిల్లలు జేబులలో నింపుకొని వచ్చు కాయలలో పెక్కు లచ్చట దొరకును.

అడవిలో చీపురునకు పనిలేదు. మనయింట నాకు రాలినచో నూడ్చివేయుదుము. అది మన ధర్మము. అడవిలో రాలిన యాకు పరుపువలె నేలను గప్పి, తేమను నిలిపి, క్రింద పురుగులను బ్రతికించును. హిమాలయముల దిగువ ప్రాంతములనుండియు, మధ్యదేశమునుండియు చలికాలమునకు దక్షిణమునకు వచ్చు పొన్నంగిపిట్ట, తొమ్మిదివన్నెల మేనితో నా యాకులను ముక్కుతో తిరుగవేయుచు నాహారము వెదకికొనును. ఉదయ సాయంకాలములలో ఇంచుమించుగా నొకేవేళకు గూయుటచే తమిళులు దానిని ఆరుగంటల పిట్ట యని పిలుతురు. ఆకులు తుడిచి శుభ్రము చేసిన తోటకు ఆ పిట్ట రాదు. కూలిన మ్రానును తొలగింపక విడిచినచో దానియందు పురుగు చేరును. పురుగునకై వడ్రంగిపిట్ట చేరును. నాగులచవితినాడు మనము పాలుపోయు పుట్ట చెదలు కట్టిన యిల్లు. దానిని ద్రవ్వి చెదలను తిను అలుగు ఒకటి, అందు దూరి తలదాచుకొను పాము ఒకటి, ఉడుము ఒకటి. ఇట్లొక్క పుట్టపై నెన్ని సంసారములో ఆధారపడియున్నవి.

రాత్రివేళ తిరుగునవి వేరు. తిరుమల స్వామివారి సేవలో వాడు పునుగునకు మూలమైన పునుగుపిల్లి యీ వనమునందు గలదు. మానుపిల్లియు గలదు. నక్కను మనము మాంసము తిను జంతువుగనే యెరుగుదుము గాని, రేగుపండ్ల కాలమున నది రేగుపండ్లనే మెక్కును. ఆ గింజలు దాని కడుపులోబడి మరియొకచోట నేల జేరి మొలచును. మానుపిల్లియు నట్లే పండ్లు తిని గింజలు చల్లుచుండును. తోటమాలి లేని యీ తోటకు విత్తులు చల్లువారు వీరే.

మన పెరటి కరివేపచెట్టు నప్పుడప్పుడు పక్షిరెట్టవలె కానవచ్చు చిన్న పురుగులు తినుటయు, అవి పెరిగి పచ్చనగుటయు సోదరీమణులు చూచియుందురు. వానిని దులిపి పారవేయుట మనకు వాడుక. అవి కొన్నిదినములకు సీతాకోకచిలుకలగును. కరివేప, నిమ్మ, వెలగ, మారేడు, అడవినిమ్మ ఇవి యన్నియు నొక్క కుటుంబపు మొక్కలు. ఆ సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టుట కా కుటుంబమునే వెదకును. గిండీ పొదలలో నా కుటుంబము విస్తారముగా నుండుటచే నవియు విస్తారముగా నెగురుచుండును. పూవునొద్ద తేనె త్రావు చిలుకను జూచి సంతసించువారము, దాని బిడ్డకు తిండి పెట్టు నాకునుగూడ గుర్తింపవలెను.

ఇంతవరకు చెప్పినది యింటిలోని గదులను గూర్చి. ఇక వాకిలి మాట.

ఈ వనమునందు గొంతభాగము చెట్లులేని పచ్చికబయలు. ఒకప్పుడు దొరలు గుఱ్ఱములపై పోలో యాడినదగుటచే నందొక బయలునకు పోలో మైదానమను పేరు నిలిచిపోయినది. ఆ బయలు కృష్ణసారముల వాకిలి.

కృష్ణసారము పేరు మనకు తరతరములుగా తెలిసినది. కాళిదాసుని శాకుంతలమున దుష్యంతుడు తరుముకొని పోయినది దీనినే. మునులు వలదని వారించినదియు దీని కొరకే. ఈ మృగము తనంత తాను సంచరించు దేశమే యజ్ఞమునకు యోగ్యమని ధర్మశాస్త్రములు చెప్పినవి. ఉపనయనమున వటువునకు ధరింపజేయు కృష్ణాజినము దీని చర్మమే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడి నేడు దానిని వేటాడుటయు, దాని చర్మమును కొనుటయు నమ్ముటయు నేరములు. ఆంధ్రప్రదేశమున కిది రాష్ట్రమృగము. ఇంత గౌరవము గల మృగ మెక్కడ బ్రతుకునో, ఏమి కోరునో మాత్రము మనలో పెక్కురకు తెలియదు.

మగది పెరిగినకొలది వీపున నలుపెక్కి, పొట్ట తెల్లనై, మెలికలు తిరిగిన కొమ్ములతో నుండును. ఆడది గోధుమవన్నెది, సాధారణముగా దానికి కొమ్ములుండవు. దీని కొమ్ములు ఊడునవి కావు. ఇది పులివలె పొంచియుండునది కాదు, కుందేలువలె పొదలో దాగునది కాదు. దీనికి దైవ మిచ్చిన రక్షణలు రెండు: దూరమును జూచు కన్ను, గంటకు 80 కిలోమీటర్ల వరకు పరుగెత్తగల కాలు. కన్ను పనిచేయవలెనన్న నెదుట నడ్డముండరాదు. కాలు పనిచేయవలెనన్న పొదలు తగులరాదు. మగవి తమ తమ యెల్లలను నిర్ణయించుకొని ఆడవానిని మెప్పించు విన్యాసములు చేయునదియు బయలునందే. ఈనిన తల్లి తన యొక్క పిల్లను గడ్డిలో బరుండబెట్టి, తాను దూరముగా మేయుచు, నడుమ నడుమ వచ్చి పాలిచ్చిపోవును. ఆ గడ్డి యుండవలెను, దూరమునుండి చూచుటకు దారియు నుండవలెను. ఇంతకన్న నా తల్లి కోరునది లేదు.

వనమునందు జింకలు వేరొకజాతివియు గలవు. అవి మచ్చలజింకలు, తెలంగాణ రాష్ట్రమునకు రాష్ట్రమృగములు. ఇట్లు మన రెండు రాష్ట్రముల మృగములును చెన్నపురి నడుమ నొక్క గోడలోపల నివసించుట విశేషమే. అయితే యీ యిద్దరి స్వభావములు వేరు. మచ్చలజింక గడ్డియు తినును, ఆకులు నలములును తినును, రాలిన పండ్లును తినును; చెట్టునీడ దానికి హాయి. ఏడాది పొడుగున నది యీనుచునే యుండును. కావున బయలు పొదలతో నిండినను దానికి చిక్కులేదు. కృష్ణసారమున కదియే చిక్కు. గడచిన దశాబ్దములలో గిండీ యందలి కృష్ణసారముల సంఖ్య తగ్గుచు వచ్చినది. చూడవచ్చినవారికి మచ్చలజింకలు మందలుగా గనబడుచుండుటచే, 'జింకలు బోలెడున్నవి, వనము బాగుగనే యున్నది' యని సంతోషించి పోదురు. ఒక జాతి సమృద్ధి మరియొక జాతి లేమిని గప్పిపుచ్చుచున్నది.

బయలు నాక్రమించినవానిలో ముఖ్యమైనది సర్కారుతుమ్మ. ఇది మన దేశపు చెట్టు కాదు, అమెరికాఖండమునుండి వచ్చినది. 1877వ సంవత్సర ప్రాంతమున దీనిని వంటచెరకునకు పనికివచ్చునని కడపమండలమందలి కమలాపురమున నాటిరి. వచ్చిన పని యది చేయకపోలేదు. ఎందరో పేదసోదరీమణుల పొయ్యిలో మండినది, బొగ్గై యమ్ముడుపోయినది. కాని దానికి హద్దు తెలియదు. వేరు లోతునకు దిగును. నరికినచో మోటినుండి మరల చిగురించును. దాని నీడను గడ్డి సరిగా మొలవదు. కాయ తియ్యగా నుండుటచే జంతువులు తినును. గింజ యరుగక పేడతో నేలబడి మొలచును. విచిత్రమేమన, కృష్ణసారముగూడ నా కాయలను తినును. తన వాకిటిలో తన శత్రువునకు తానే విత్తులు చల్లుచున్నదన్నమాట. ఇట్టి పరదేశపు మొక్కలను తొలగించి, సహజమైన వనమును మరల నిలుపుటకై తమిళనాడు ప్రభుత్వము 2022లో నొక విధానమును ప్రకటించినది. మోటుతో సహా పెల్లగించి, మరల మొలచినదానిని ఏటేట పెరికివేసినగాని యీ పని తెమలదు.

మేము కొందరు బడిపిల్లలతో నీ వనమును జూడబోయిన దినమున, పచ్చికబయలు చేరగానే యెనిమిదేండ్ల బాలిక యొకతె, "అమ్మగారూ, ఇక్కడ చెట్లు లేవేమండీ? మన బడివాళ్ళమంతా వచ్చి నాటుదామా?" యని యడిగినది. ఆ బిడ్డ మనస్సు మంచిది. మొక్క నాటుట పుణ్యమని మనమే నేర్పితిమి, అది నిజమే. ఎండిన బాటప్రక్కను, ఇంటి పెరటిలోను, బడి యావరణలోను మొక్క నాటుట నిశ్చయముగా పుణ్యము. కాని పచ్చికబయలున నాటినది యొకరి వాకిట లేపిన గోడ యగును. మేమా బిడ్డకు దూరముననున్న నల్లని మగ కృష్ణసారమును జూపి, "ఇక్కడ చెట్టుంటే నువ్వు దాన్ని ఇంత దూరంనుంచి చూడగలవా?" యంటిమి. బాలిక కొంతసేపు చూచి, "మరి దానికీ మనం కనపడంగదా" యన్నది. పెద్దలకు వివరించుటకు మా కింకను ఎక్కువ మాటలు కావలసివచ్చినవి.

ఆ దినముననే మరియొకటియు చూచితిమి. కంచెవద్ద నొక యిల్లాలు ప్రేమతో సంచిలోని వేరుసెనగపప్పును సంచితోగూడ జింక ముందుంచినది. జింకకు సంచికిని పప్పునకును భేదము తెలియదు. ఉప్పు రుచి తగిలినచో ప్లాస్టిక్కునుగూడ నమలి మ్రింగును. అది కడుపున ముద్దగట్టి, యరుగక, బయటికి పోక, ఆకలి చంపి ప్రాణము దీయును. నగరమున మరణించిన జింకల కడుపులలో నట్టి ముద్దలు బయటపడినవని పత్రికలలో పలుమార్లు వచ్చినది. ఆహారము పెట్టుట మన యాడువారికి పుట్టువుతో వచ్చిన గుణము. ఇంటికి వచ్చినవారిని పస్తు పంపము. కాని వనమునందు మన మతిథులము, అవి గృహస్థులు. అతిథి గృహస్థు వంటయింటిలో దూరి వడ్డింపరాదు. అంతేకాక మనుష్యులు పారవేసిన యన్నమునకై కుక్కలును చేరును. గడ్డిలో నొంటిగా బరుండిన పిల్లజింకకు కుక్కకన్న వేరే మృత్యువు లేదు.

కావున సోదరీమణులారా, మన చేతనైనవి కొన్ని గలవు. చెన్నపురి పోయినపుడు పిల్లలను వెలలేని యీ వనదర్శనమునకుగూడ కొనిపొండు. తినుబండారముల పొట్లములను మాత్రము వెంట దీసికొనిపోకుడు. మచ్చలజింకకును కృష్ణసారమునకును గల భేదమును వారికి చూపుడు. పెరటిలో చోటున్నవారు క్రోటనులతోపాటు వెలగయో, వాకయో, కరివేపయో యొకటి పెంచి, పురుగు పట్టినపుడు కొన్నియాకులు దానికి విడువుడు. రాలిన యాకును తగులబెట్టక పెరటిమూల గుట్టగా నుంచినచో నేలకు బలము, పిట్టకు తిండి. ఊరివెలుపల పచ్చికబయలు నెవరైన మొక్కలతో నింపబూనినచో, మొదట నచ్చట నెవరు కాపురమున్నారో విచారింపుమని యింటి పెద్దలతో చెప్పుడు. పెద్దలు వినకపోయినచో పిల్లలతో చెప్పింపుడు. పిల్లల మాట నెట్టివారును త్రోసివేయలేరు.

గిండీ యడవి యిక పెరుగునది కాదు. చుట్టు గోడ యున్నది. గోడ కావల నగరమున్నది. అచ్చటి ప్రాణులకు మరియొక చోటికి పోవుటకు దారిలేదు. 505 హెక్టార్లు 270 యైనది. ఆ 270లో గల బయలును పొదలు దినదినము గొంచెముగా మ్రింగుచున్నవి. గదులు మిగిలి వాకిలి పోయిన యింటివలె, చెట్లు మిగిలి కృష్ణసారము పోయిన వనముగా నది మారకుండవలెనన్న, ముందుగా మన నోటినుండి యొక మాట తొలగవలెను. ఏమియు కట్టనిచోటును, ఏమియు నాటనిచోటును జూచి ఖాళీ యని యనకుందుము. గడ్డిలో బిడ్డను బరుండబెట్టి దూరమున మేయుచున్న తల్లికి, ఆ చోటు నిండుసంసారము.